ఎవరి కథ వారే చెప్పాలి

ఆత్మకథ రాయడానికి కావలసిన మొదటి అర్హత తన్ను తాను ఎరిగి ఉండడం. ఆటిజం గలవారికి ఆ ఎరుక ఉండదని వైద్యలోకం చాలాకాలం భావించింది. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ పదకొండుమంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించారు. అటుపై నాలుగు దశాబ్దాలపాటు దీనిని గురించి రాసినవారు ప్రధానంగా వైద్యులు, మనస్తత్వవేత్తలు, తల్లిదండ్రులు. అవి గోడకు ఇవతల నిలబడి అవతల ఏమున్నదో ఊహించిన రచనలు. ఊహ తప్పినప్పుడు ఫలితం అనుభవించినవి కుటుంబాలే. తల్లిదండ్రుల ప్రేమరాహిత్యమే దీనికి మూలమని 1967లో బ్రూనో బెట్టెల్‌హైమ్ తన గ్రంథంలో వాదించగా, ఎందరో తల్లులు చేయని నేరానికి తలవంచుకున్నారు.

1986లో టెంపుల్ గ్రాండిన్ 'ఎమర్జెన్స్' అనే స్వీయకథను మార్గరెట్ స్కారియానో సహకారంతో వెలువరించారు. శబ్దం, స్పర్శ తనను ఎంతగా బాధించేవో లోపలినుంచి చెప్పిన పుస్తకమది. ప్రసిద్ధ నాడీవైద్యుడు ఆలివర్ శాక్స్ సైతం దానిని మొదట అనుమానించారు. ఇది సహరచయిత్రి గొంతేమోనని తలచారు. గ్రాండిన్ స్వయంగా రాసిన ఇతర వ్యాసాలలోనూ అదే గొంతు వినిపించిన తరువాతనే ఆయన సందేహం తీరింది. 1995లో ఆమె రెండవ ఆత్మకథకు ఆయనే పీఠిక రాశారు. ఇంద్రియ స్పందనలలోని ఈ తేడాలకు 2013 నాటి డి.ఎస్.ఎం.-5 లక్షణాల పట్టికలో స్పష్టమైన స్థానం లభించింది.

సందేహించడమే తప్పని నా అభిప్రాయం కాదు. మరొకరు చేయి పట్టుకుని టైపు చేయించే పద్ధతిని 1990లలో నియమబద్ధంగా పరీక్షించగా, ఆ మాటలు చేయి పట్టినవారివేనని తేలింది. కనుక ఎవరు ఎంత సహాయం చేశారో పుస్తకంలో దాపరికం లేకుండా చెప్పడం అవసరం. అయితే రచయితను గుర్తించిన తరువాత కూడా అతని కథను మనకు నచ్చినట్లు మార్చడం వేరొక దోషం. ఆ దోషం నేనూ చేశాను.

కొన్నేళ్ళ క్రితం ఇటువంటి సంచికకే నేను సంపాదకవర్గ సభ్యుడిగా ఉండగా, ఆటిజం గల ఒక యువకుడు తన బాల్యాన్ని గురించి పది పుటలు రాసి పంపాడు. ఉగాది సభలో మైకు కీచుమన్నప్పుడు కుర్చీ కింద దూరడం, అక్కడినుంచి కనిపించిన చీరల అంచులు, ఆ రంగులను చూసి గుర్తుకు వచ్చిన మరొక ఊరు, మరొక ఇల్లు... ఇలా కాలక్రమం లేకుండా సాగిన రచన అది. నేను దానిని మూడు పుటలకు కుదించి, వరుస సరిచేసి, "ఈ విధంగా నా లోపాన్ని జయించాను" అన్న ముగింపు చేర్చి తిప్పి పంపాను. అతని తల్లి ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, జయించానని వాడెక్కడా రాయలేదు కదండీ" అని మాత్రం అన్నారు. రచనను వెనక్కు తీసుకున్నారు. సంచిక అందంగానే వెలువడింది.

నేను సరిచేసినది వరుసను కాదు, అతని ఆలోచనా విధానాన్ని. తన ఆలోచన మాటలలో కాక బొమ్మలలో సాగుతుందని గ్రాండిన్ రాశారు. ఆటిజం గలవారందరూ అలాగే ఆలోచించరని తరువాత తానే సవరించుకున్నారు. 2012లో డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు మరొక ముఖ్య విషయం ప్రతిపాదించారు: అర్థం కాకపోవడం ఇరువైపులా ఉన్నది, లోపమంతా ఒకరిదే అనడం న్యాయం కాదు. సంపాదకుడికి అర్థం కానిదంతా రచయిత దోషం కాజాలదు.

ప్రచురణకర్తలకు విజయగాథలు కావాలి. వలస వచ్చిన మన సమాజానికి అవి మరీ ఇష్టం. పిల్లల పతకాలను సభలో ప్రకటిస్తాము. పిల్లవానికి ఆటిజం ఉన్నదన్న మాటను, తోబుట్టువుల పెళ్ళిళ్ళకు అడ్డువస్తుందని, ఇంటి గడప దాటనివ్వము. అటువంటి చోట ఒకరు ధైర్యం చేసి రాసినప్పుడు మనం చేయవలసినది స్వల్పమే. సందేహాలను ఫోనులో గుక్కతిప్పకుండా కాక, కాగితం మీద ఒక్కొక్కటిగా అడగాలి. జవాబుకు వ్యవధి ఇవ్వాలి. మార్చిన ప్రతి వాక్యానికీ రచయిత అంగీకారం పొందాలి. లేని విజయాన్ని అంటగట్టరాదు.

ఆ పది పుటలను అతని వరుసలోనే ప్రచురించవలసిందిగా ఈసారి సంపాదకవర్గాన్ని కోరాను. వారు సమ్మతించారు. ఆ యువకునికి క్షమాపణతో ఉత్తరం రాశాను. జవాబు రావలసి ఉన్నది.