బ్రాడ్‌బ్యాండ్ విపణి: గడప దాకా రాని పోటీ

మన దేశంలో టెలికాం సంస్థల మధ్య పోటీ తీవ్రంగా ఉందని, అందువల్లనే డేటా చౌకగా దొరుకుతోందని తరచుగా వింటుంటాం. మొబైల్ సేవల విషయంలో ఈ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఇంటికి కేబుల్ ద్వారా వచ్చే బ్రాడ్‌బ్యాండ్ సంగతి వేరు. మహానగరాల్లోని పెద్ద అపార్ట్‌మెంట్లకు కనెక్షన్ ఇవ్వడానికి పలు సంస్థలు ముందుకు వస్తాయి. చిన్న నగరాల శివారు కాలనీల్లో ఒకటో రెండో సంస్థలు మాత్రమే కనిపించడం సాధారణం. సేవ బాగా లేకపోయినా, ధర పెరిగినా మరో సంస్థకు మారే అవకాశం అక్కడి వినియోగదారుడికి అంతంతమాత్రమే.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇది ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. నగరం అంచున ఉన్న తిఫ్రా 2019లో బిలాస్‌పూర్ నగరపాలక సంస్థలో కలిసింది. ఇటువంటి ప్రాంతంలో నిలకడైన ఇంటర్నెట్ విలాసం కాదు. పోటీ పరీక్షలకు చదువుకునే విద్యార్థికి, ఇంటి నుంచే పని చేసే ఉద్యోగికి, దూరాన ఉన్న పిల్లలతో వీడియోలో మాట్లాడే విశ్రాంత రైల్వే ఉద్యోగికి అది నిత్యావసరం.

గణాంకాలు చెబుతున్నదేమిటో చూద్దాం. భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ, అంటే ట్రాయ్, వెల్లడించిన లెక్కల ప్రకారం 2024 డిసెంబరు చివరికి దేశంలో సుమారు 94 కోట్ల బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లున్నాయి. వాటిలో కేబుల్ ద్వారా ఇళ్లకు, కార్యాలయాలకు చేరినవి దాదాపు 4 కోట్లు మాత్రమే. మొత్తం కనెక్షన్లలో 98 శాతానికి పైగా ఐదు సంస్థల చేతిలోనే ఉన్నాయి. పైగా ఈ లెక్కలు టెలికాం సర్కిళ్ల వారీగా ఉంటాయి. ఛత్తీస్‌గఢ్ నేటికీ మధ్యప్రదేశ్ సర్కిల్‌లో భాగమే. రెండు రాష్ట్రాల సగటులో తిఫ్రా వంటి శివారులోని లోటు కనిపించకుండా పోతుంది.

పోటీ కొరవడటానికి మొదటి కారణం కేబుల్ వేయడానికయ్యే ఖర్చు. వంద ఇళ్లున్న ఒక వీధిని ఊహించుకుందాం. మొదట వచ్చిన సంస్థ కేబుల్ వేసి అరవై ఇళ్లకు కనెక్షన్ ఇచ్చిందనుకుందాం. తరువాత వచ్చే సంస్థ అదే పొడవున కేబుల్ వేయాలి, అంతే ఖర్చు పెట్టాలి. దానికి మిగిలేది నలభై ఇళ్లు. అందులోనూ కొన్నింటికి కనెక్షన్ అక్కరలేకపోవచ్చు. ఖర్చు సమానం, రాబడి మూడింట రెండు వంతులకు మించదు. అందుకే రెండో సంస్థ ఆ వీధికి రావడానికి వెనుకాడుతుంది. మొబైల్ సేవలో ఒక్క టవర్ వేలాది మందికి ఉపయోగపడుతుంది. కేబుల్‌కు ఆ సౌలభ్యం లేదు.

రెండో కారణం దారి. రోడ్డు తవ్వాలన్నా, స్తంభానికి కేబుల్ కట్టాలన్నా స్థానిక సంస్థల అనుమతి కావాలి. ఈ అనుమతులను సరళం చేయడానికి కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది. వాటి స్థానంలో 2024లో రూపొందించిన కొత్త నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అయితే అనుమతుల కోసం అనేక కార్యాలయాలు తిరిగే శక్తి పెద్ద సంస్థలకు ఉన్నంతగా చిన్న సంస్థలకు ఉండదు. మరోవైపు, ఇళ్ల దాకా ఇదివరకే చేరిన కేబుల్ టీవీ వ్యవస్థలూ పెద్ద సంస్థల చేతికి వెళ్తున్నాయి. హాత్‌వే, డెన్ సంస్థల్లో మెజారిటీ వాటాలు కొంటున్నట్లు రిలయన్స్ 2018 అక్టోబరులో ప్రకటించడం ఇందుకు నిదర్శనం.

పోటీకి బాట వేసే అవకాశం రెండు దశాబ్దాల క్రితమే వచ్చింది. అప్పట్లో ఇళ్లకు చేరిన రాగి తీగల్లో అత్యధికం ప్రభుత్వ రంగ టెలిఫోన్ సంస్థలవే. వాటిని ఇతర సంస్థలకూ అద్దెకు ఇవ్వాలని ట్రాయ్ 2004లో సిఫార్సు చేసింది. అదే ఏడాది అక్టోబరులో వెలువడిన బ్రాడ్‌బ్యాండ్ విధానం దాన్ని తప్పనిసరి చేయలేదు, సంస్థల పరస్పర అంగీకారానికి వదిలేసింది. 2010 నాటికి 2 కోట్ల కనెక్షన్లు సాధించాలన్నది ఆ విధానం లక్ష్యం. సాధించింది దాదాపు సగమే.

ప్రజాధనంతో వేసిన ఫైబర్ మన దగ్గర తక్కువేమీ కాదు. 2000లో ఏర్పడిన రైల్‌టెల్ ఫైబర్ కేబుల్ దేశమంతటా రైలు పట్టాల వెంట సాగుతుంది. స్థానిక ఆపరేటర్ల ద్వారా అది రైల్‌వైర్ పేరుతో ఇళ్లకూ సేవ అందిస్తోంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాలనే ఆధారం చేసుకుని కేబుల్ వేసి, నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు టీవీ, ఫోన్, ఇంటర్నెట్ కలిపి అందించింది. ఉన్న స్తంభాలను వాడుకుంటే ఖర్చు ఎంత తగ్గుతుందో అది చూపింది. పంచాయతీలను కలిపే భారత్‌నెట్ సవరించిన పథకానికి కేంద్రం 2023లో సుమారు 1.39 లక్షల కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇంత ఉన్నా, ప్రధాన కేబుల్ నుంచి ఇంటి గడప దాకా ఉన్న చివరి దూరం మొదట చేరినవారి సొంతమవుతోంది. పోటీ అక్కడే ఆగిపోతోంది.

చిన్న విపణిలో పోటీ అసాధ్యమన్న వాదనకు న్యూజిలాండ్ సమాధానం చెప్పింది. ఆ దేశ జనాభా హైదరాబాద్ మహానగర జనాభాలో సగమంత. అక్కడి ప్రధాన టెలిఫోన్ సంస్థను 2011లో రెండుగా విభజించారు. కేబుళ్లు కోరస్ అనే సంస్థకు వెళ్లాయి. ఆ సంస్థ ఇళ్లకు నేరుగా సేవలు అమ్మదు, అన్ని సంస్థలకూ కేబుల్ అద్దెకు ఇస్తుంది. కోరస్‌తో పాటు మరికొన్ని ప్రాంతీయ సంస్థలు ప్రభుత్వ భాగస్వామ్యంతో చేపట్టిన ఫైబర్ పథకం 2022 చివరికి 87 శాతం జనాభాకు అందుబాటులోకి వచ్చింది. వీధిలో కేబుల్ ఒక్కటే అయినా ఎంచుకోవడానికి సంస్థలు అనేకం.

ఉపగ్రహ ఇంటర్నెట్ వస్తే ఈ సమస్య తీరుతుందన్న ఆశ కొందరిలో ఉంది. స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో మన దేశంలో లైసెన్సు లభించింది. కానీ అంతకుముందే, మార్చిలో, దాని సేవల పంపిణీకి ఒప్పందాలు చేసుకున్నవి ఎయిర్‌టెల్, జియోలే. కొత్త పోటీదారు పాత సంస్థల తలుపు గుండానే వచ్చే పరిస్థితి ఇది.

కాబట్టి సంస్థలు ఎన్ని ఉన్నాయన్నది కాక, వీధిలోని కేబుల్ ఎవరిది, దాన్ని ఇతరులు వాడుకోగలరా అన్నదే అసలు ప్రశ్న. ప్రజాధనంతో వేసిన ఫైబర్‌ను, విద్యుత్ స్తంభాలను, పురపాలక కాలువలను ఒకే ధరకు అన్ని సంస్థలకూ తెరిచి ఉంచడం మొదటి అడుగు. సర్కిల్ సగటులకు బదులు వార్డుల వారీగా సేవా సంస్థల సంఖ్యను ప్రకటించడం రెండోది. పట్టాలు ప్రభుత్వానివే అయినా వాటిపై ఏ ఊరివారైనా ప్రయాణిస్తారు. ప్రజాధనంతో వేసిన ఫైబర్‌కూ అదే నియమం వర్తిస్తే, తిఫ్రా వంటి శివారుల్లోని వినియోగదారుడికీ నచ్చిన సేవను ఎంచుకునే వీలు కలుగుతుంది.