యంత్రం కోసం వేచిన భాష

దుప్పటి ఉన్నంత వరకే కాళ్లు చాపుకోమన్నారు పెద్దలు. అది చాలదని తెలిసే కాళ్లు చాపిన ఒకాయన కంప్యూటర్ భాషల చరిత్రలో ఉన్నారు. ఆయన జాన్ మెకార్తీ. 1958లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో లిస్ప్ అనే భాషకు పునాది వేశారు.

ఆ భాష మొదట నడిచిన ఐబీఎం 704 యంత్రంలో మెమరీ అంతా కలిపినా నేటి లెక్కలో లక్షన్నర బైట్లకు మించదు. ఇవాళ ఫోన్‌తో తీసే ఒక మామూలు ఫొటో కూడా అందులో పట్టదు. ఆ ఇరుకులో ప్రతి గడినీ పొదుపుగా వాడాలి. ఏది ఉంచాలో, ఏది తుడిచెయ్యాలో ప్రోగ్రాం రాసేవారే కనిపెట్టుకుని ఉండాలి. మెకార్తీ ఆ బెంగను యంత్రానికే అప్పగించారు. చోటు అయిపోగానే, ఇక అక్కరలేనివేవో యంత్రమే వెతికి ఖాళీ చేసుకుంటుంది. దానికి గార్బేజ్ కలెక్షన్ అని పేరు. అయితే ఆ ఊడ్పుకు కొన్ని సెకన్లు పట్టేది. అంతసేపూ అసలు పని ఆగిపోయేది.

ఆలోచన బాగుంది గానీ ఖరీదెక్కువ అని కొందరన్నారు. ఆ భారం మోయడానికే 1970లలో ఎం.ఐ.టి.లోనే లిస్ప్ కోసం ప్రత్యేక యంత్రాలు కట్టారు. వాటిని అమ్మేందుకు కంపెనీలూ వెలిశాయి. 1980ల చివరికి మామూలు కంప్యూటర్లే వాటిని అందుకోవడంతో ఆ వ్యాపారం కుదేలైంది. యంత్రాలు పోయాయి, ఆలోచన నిలిచింది. 1991లో పైథాన్, 1995లో జావా భాషలు జనంలోకి వచ్చాయి. రెండింటిలోనూ మెమరీ బాగోగులు చూసేది యంత్రమే. మామూలు లెక్కల్లో పైథాన్ సీ భాష కన్నా పదుల రెట్లు నెమ్మది. అయినా చాలామంది విసుక్కోవడం లేదు. యంత్రం కాలం చవకైంది, మనిషి కాలం ప్రియమైంది.

అలాగని చవకైనదంతా ఒలకబోయడానికి కాదు. పాస్కల్ భాషను రూపొందించిన నిక్లాస్ విర్త్ 1995లోనే హెచ్చరించారు, యంత్రాలు వేగం పుంజుకునే కన్నా త్వరగా సాఫ్ట్‌వేర్ బరువెక్కుతోందని. నాలుగేళ్ల కిందటి ఫోన్ ఏ దెబ్బా తగలకుండానే మూలనపడుతుంటే ఆ మాట గుర్తుకొస్తుంది. పైగా 2005 ప్రాంతం నుంచి ప్రాసెసర్ల గడియార వేగం మునుపటిలా పరుగెత్తడం లేదు. దుప్పటి ఎప్పటికీ అలా పెరుగుతూనే ఉండదు.

మెకార్తీ యంత్రాన్ని అడిగిన అదనపు శ్రమ మనిషి తల మీది బరువు దించడానికి. ఒక కొత్త ప్రోగ్రాం మరికాస్త మెమరీ కావాలన్నప్పుడు, దానితో ఎవరి బరువు తగ్గుతోందని అడగడం పిసినారితనం కాదు. కాళ్లు చాపిన వారందరూ మెకార్తీలు కారు.