రంగును నమ్మకండి, పొలుసులు లెక్కపెట్టండి

పిల్లలూ! కొర్రమీనును గుర్తుపట్టగలరా అని అడిగితే మీలో చాలామంది చెయ్యెత్తుతారు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దాన్నే కదా! నేనూ అలా చెయ్యెత్తినవాణ్ణే. ఒకనాడు మక్తల్‌లో మా తరగతి పిల్లవాడు జానెడు పొడవున్న నల్లని చేపను బకెట్లో తెచ్చాడు. చూడగానే "కొర్రమీను" అన్నాను. "కాదు సార్, బురదమట్ట" అన్నాడు వాడు. వాళ్ల నాయన చెరువులో వల వేసే మనిషి. పుస్తకం తెరిచి పొలుసులు లెక్కపెట్టాను. పిల్లవాడిదే గెలుపు!

నేనెక్కడ పొరబడ్డాను? రెండూ ఛన్నా ప్రజాతికి చెందిన చేపలే. రెండింటికీ పాము తలవంటి తల, వీపు పొడవునా వాజం ఉంటాయి. రెండూ నీటిపైకి వచ్చి గాలి పీలుస్తాయి. ఇక రంగు అంటారా, అది నీటినిబట్టి మారుతుంది. జానెడు చేప ఎదిగిన బురదమట్ట కావచ్చు, ఇంకా ఎదగని కొర్రమీనూ కావచ్చు.

మరి ఏది నమ్మాలి? చేప పక్కభాగాన మొప్ప దగ్గరనుండి తోకదాకా సాగే పార్శ్వరేఖను చూడండి. అది మధ్యలో మెట్టు దిగినట్లు కిందికి దిగుతుంది. అక్కడ తడబడకుండా దానిమీది పొలుసులు లెక్కించండి. 40కి అటూ ఇటూ ఉంటే బురదమట్ట. 50 దాటితే కొర్రమీను. 60 లేదా అంతకు మించితే పూమీను. పూమీను పిల్లకు తోక మొదట్లో కంటివంటి నల్లమచ్చ కూడా ఉంటుంది. జర్మనీ శాస్త్రజ్ఞుడు బ్లాక్ 1793లోనే కొర్రమీనుకూ బురదమట్టకూ వేరువేరు శాస్త్రీయ నామాలు పెట్టాడు.

"ఏ చేపైతేనేం, కూరే కదా!" అంటారేమో. కొర్రమీను మీటరు దాకా పెరగగలదు. బురదమట్ట సాధారణంగా 30 సెంటీమీటర్లు దాటదు. కొర్రమీను పిల్లలని నమ్మి బురదమట్ట పిల్లల్ని కొని చెరువులో వదిలినవాడి గతి ఏమిటి? మేత ఖర్చు, ఎదురుచూపు అన్నీ బూడిదలో పోసిన పన్నీరే. అంతేకాదు, పట్టిన ప్రతి నల్లచేపనూ కొర్రమీనుగానే రాసుకుంటూ పోతే, అసలు కొర్రమీను తగ్గిపోతున్నా మన లెక్కల్లో కనబడదు.

జాలరికి ఈ లెక్కతో పనిలేదన్నది నిజమే. ఏళ్ల తరబడి చూసిన కన్ను అతనిది. ఆ కన్ను లేని మనకు లెక్కే కన్ను. ఇద్దరి మధ్య వాదం వస్తే తీర్పు చెప్పేదీ అదే. అందుకే పరీక్షకోసం శాస్త్రీయ నామాలు వల్లించడంకన్నా, ఒక్క చేపను చేతబట్టి లెక్కపెట్టడం మేలైన పాఠమని నా అభిప్రాయం.

ఈసారి సంతకో, సంగంబండ జలాశయం ఒడ్డుకో వెళ్లినప్పుడు నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. జాలరి చెప్పిన పేరు ఒక గడిలో, మీరు లెక్కించిన పొలుసుల సంఖ్య పక్క గడిలో రాయండి. బతికున్న చేపనైతే తడిచేతులతోనే పట్టుకోండి. మీ లెక్క మీ మాస్టారి మాటతో కలవకపోతే భయపడకండి, మళ్లీ లెక్కపెట్టి చూపించండి. మంచి మాస్టారైతే సంతోషిస్తారు!