వంటశాలలో దైవసన్నిధి

ప్రార్థనావేళ దేవుణ్ణి తలచి, ఆ వేళ దాటగానే లోకవ్యవహారంలో మునిగిపోవడం ఏ మతస్థులకైనా అలవాటైన సంగతే. నిత్యం గర్భాలయంలో నిలిచే మాబోటివారూ ఇందుకు మినహాయింపు కారు. చేతిలో గంట మోగుతూనే ఉంటుంది, మనసు ఎక్కడో తిరుగుతుంటుంది. అలాంటప్పుడు అంగడిలో పలికే మాటకూ, పనివారితో నడుచుకునే తీరుకూ దైవం సాక్షి అన్న ఎరుక ఎలా నిలుస్తుంది? తినడం, త్రాగడం సైతం దేవుని మహిమార్థమే కావాలని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో బోధించాడు. ఆ బోధను వంటశాలలో ఆచరించి చూపిన సాధకులొకరు 17వ శతాబ్దపు ఫ్రాన్సులో ఉండేవారు.

ఆయన అసలు పేరు నికొలా ఎర్మాన్. లొరేన్ ప్రాంతంలో పుట్టారు. పద్దెనిమిదేళ్ల ప్రాయంలో, శీతకాలపు మోడు చెట్టును చూసి, ఇది మళ్లీ చిగురించి పూస్తుంది కదా అనుకున్న క్షణాన ఆయనలో దైవచింతన మేల్కొన్నది. సైనికుడిగా యుద్ధంలో గాయపడి కుంటివారయ్యారు. 1640లో ప్యారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరి బ్రదర్ లారెన్స్ అయ్యారు.

మఠంలో ఆయనకు అప్పగించినది వంటపని. స్వభావరీత్యా ఆ పని అంటే ఆయనకు గిట్టదు. అయినా పదిహేనేళ్లపాటు ఆ పొయ్యి దగ్గరే గడిపారు. పెనం మీద గుడ్డట్టు తిరగవేసినా, నేలమీది గడ్డిపోచ తీసినా దేవుని మీది ప్రేమతోనే చేసేవారు. పనికి ముందు కృపను అర్థించడం, ముగిశాక తన్ను తాను పరిశీలించుకోవడం ఆయన నియమం. బాగుంటే కృతజ్ఞత చెప్పేవారు. తప్పితే క్షమాపణ వేడి, ఆ తప్పునే తలచుకుని కుమిలిపోక మళ్లీ పనిలో పడేవారు. నాకు అన్నిటికన్నా కష్టసాధ్యంగా తోచేది ఈ చివరిదే. పశ్చాత్తాపం పేరిట మనం చాలాసార్లు మన అభిమానాన్నే ఓదార్చుకుంటాం.

ఒకసారి మఠానికి ద్రాక్షసారాయం కొనుక్కురమ్మని ఆయనను బర్గండీ పంపారు. బేరసారాలు తెలియవు. కుంటికాలితో పడవలో కదలాలంటే పీపాల మీద దొర్లవలసిందే. ఈ పని నీదే స్వామీ అని దేవునికి విన్నవించి బయలుదేరారు. కొనుగోలు సవ్యంగానే జరిగింది. భారం దేవునిపై వేశానని చెప్పి ప్రయాణం మానుకోలేదు, గమనించండి.

నిత్యసన్నిధి అంటే నిత్యసుఖమని భ్రమపడరాదు. మొదటి పదేళ్లు తన పాపాల స్మృతి తన్ను ఎంతో బాధించిందని ఆయనే చెప్పుకున్నారు. అటుపిమ్మటనే ప్రార్థనాసమయానికీ పనివేళకూ తేడా తెలియని స్థితి కలిగింది. ఆ స్థితిలో, గిన్నెల చప్పుడు నడుమ, ఒకేసారి నలుగురు నాలుగు అడుగుతున్నా ఆయన ప్రశాంతత చెదరలేదు.

కాలినొప్పి ముదిరాక, కూర్చుని చేసుకోగల చెప్పుల మరమ్మతు పని అప్పగించారు. 1691లో కన్నుమూశారు. ఆయన మాటలనూ లేఖలనూ జోసెఫ్ ద బోఫోర్ అనే గురువు సేకరించి గ్రంథస్థం చేశారు. మఠంలో ఆయన మాత్రం చివరిదాకా పూజాధికారం లేని సేవాసోదరుడే.