టోక్యో విచారణ: ఒక టెలివిజన్ నాటకము

జపాను ప్రసార సంస్థ పాలుపంచుకొని 2016లో వెలువరించిన ‘టోక్యో ట్రయల్’ అను నాలుగు భాగముల నాటకమును మా విద్యార్థులతోఁ గూడి చూచితిని. రాధావినోద్ పాల్‌గా ఇర్ఫాన్ ఖాను నటన మెచ్చఁదగినదే. అయినను నిరాశయే కలిగెను.

1946 మే మొదలు 1948 నవంబరు వఱకు 11 మంది న్యాయాధిపతులు జపాను నాయకులను విచారించిరి. ఏడుగురికి ఉరిశిక్ష పడెను. నాటకమందు న్యాయాధిపతుల వాదములు, హోటలు గదులలోని అలుకలు విస్తారముగా నున్నవి; బాధితుల గొంతు మాత్రము మిక్కిలి సన్నము.

ఆ యుద్ధము మనకు పరాయిది కాదు. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడెను. మలయా రబ్బరు తోటలనుండి సయాము–బర్మా రైలుదారి పనికి తరలింపఁబడి, అడవులలో రోగములచేతను ఆకలిచేతను మడిసిన కూలీలలో తమిళులతోపాటు తెలుఁగువారును ఉండిరి. వారి మాట యెవరు చెప్పవలెను?

పాల్‌గారు నిందితులనందఱిని నిర్దోషులనిరి. నేరము జరిగిన పిదప పుట్టిన చట్టముతో, గెలిచినవారు ఓడినవారిని శిక్షింపరాదని వారి వాదము. కాని జపాను సైనికులు ఘోరకృత్యములు చేసిరనుటకు సాక్ష్యము బలముగా నున్నదనియు వారే వ్రాసిరి. ఈ రెండవ మాటకుఁ దగిన చోటు నాటకమున దొరకలేదు. అందుచేతనే మా పిల్లలు కొందఱు, పాల్‌గారు జపానుకు వకాల్తా పుచ్చుకొనిరనుకొని లేచిరి.