కెమెరా పోషణ

కెమెరా కొనడం తేలికే. దాన్ని పోషించడమే కష్టం సుమండీ! మా శృంగవరపుకోట మేష్టారొకరు బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3తో మొదలుపెట్టారు. ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు, అంతే దాని విద్య. 120 రీలు వేస్తే వచ్చేవి 12 బొమ్మలే. అందుకని ఆయన అనంతగిరి ఘాటులో బస్సు దిగి, మబ్బు కొండమీదికి వచ్చేదాకా గంటసేపు కాచుకునేవారు.

తర్వాత 36 బొమ్మల కెమెరా వచ్చింది. వెనకే లెన్సులు, ఫిల్టర్లు, ఫ్లాషు, మూడుకాళ్ల స్టాండు దిగాయి. మా వానల చెమ్మకు లెన్సుల్లో బూజూ చేరింది. ఆదివారాలన్నీ తుడుచుకోవడానికే సరి! డిజిటల్ వచ్చాక రీళ్ల ఖర్చు తప్పింది గాని, బీరువా నిండింది.

మొన్న వారి తల్లిగారి సంవత్సరీకానికి పటం కావలసివచ్చింది. కంప్యూటరులో వేల బొమ్మలున్నాయి: పువ్వులు, పిట్టలు, బొర్రా గుహలు. ఆవిడది మాత్రం ఒక్కటే దొరికింది, అదీ క్లిక్ 3 తీసినదే! తులసికోట పక్కన, ఎండకు కళ్లు చికిలించి నిలుచున్నారు. పాదాలు పడలేదు గాని ముఖం స్పష్టంగా ఉంది.

1901లో కొడాక్ తెచ్చిన ఆ 120 రీలు ఇప్పటికీ తయారవుతోంది. మేష్టారు ఒకటి తెప్పిస్తున్నారు. మొదటి బొమ్మ వాళ్లావిడదేనట.