పురుగుల్ని అడగండి బాబూ!

నది బాగుందా అంటే మనకి తెలిసిన పరీక్ష ఒకటే: ఓ సీసాడు నీళ్ళు పట్టి లాబ్‌కి పంపడం. పీహెచ్ 7 వచ్చిందా, ఫైలు మూసెయ్!

రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయి లేచిందనుకోండి. పొద్దున్నే ఒక్కసారి పింగ్ కొట్టి "అంతా ఓకే" అని మెయిల్ పెడితే మేనేజరు ఊరుకుంటాడా? లాగ్ ఏదీ అంటాడు. నదికీ లాగ్ ఉంది: రాళ్ళకింద బతికే పురుగులు.

మేఘాలయలో జయంతియా కొండల సంగతే చూడండి. అక్కడి ఎలుకబొరియల్లాంటి బొగ్గు గనుల్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014లో నిషేధించింది. తవ్వి వదిలేసిన గుంతలకి ఆ సంగతి తెలీదు కదా! బొగ్గులోని పైరైట్‌కి గాలీ నీరూ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. కొన్ని వాగుల్లో పీహెచ్ 4 కంటే దిగిపోయింది. పొడిరోజుల్లో గుట్టల మీద పేరుకున్న ఆమ్ల లవణాలు తొలివానలకి ఒక్కసారిగా కొట్టుకొస్తాయి. నడివానల్లో సీసా ముంచితే అదేం కనబడదు, అంతా పలచబడిపోయి ఉంటుంది. వారాలూ నెలలూ ఆ నీళ్ళలోనే పెరగాల్సిన మేఫ్లై పిల్లలు మాత్రం అప్పటికే పోయుంటాయి.

పోనీ సున్నం వేసి పీహెచ్ 7కి తెచ్చారనుకుందాం. కరిగున్న ఇనుము తుప్పురంగు బురదై రాళ్ళని కప్పేస్తుంది. మీటరు పాస్ అంటుంది, రాళ్ళకింద ఇల్లు కట్టుకునే పురుగుకి చోటుండదు.

"పురుగులు లెక్కపెట్టడం కూడా సైన్సేనా?" అనే మేధావులకి: బ్రిటన్‌లో పుట్టిన బీఎండబ్ల్యూపీ పద్ధతిలో ఒక్కో పురుగు కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కులు. శుభ్రమైన నీళ్ళే కావాలనే కొన్ని మేఫ్లై కుటుంబాలకి 10, మురుగులోనూ బతికే కైరోనమిడ్ ఎర్రపురుగులకి 2. యూరోపియన్ యూనియన్ 2000లో చేసిన నీటి చట్టం నదుల స్థితి తేల్చడానికి ఈ జీవుల్ని చూడమంటుంది. అంతెందుకు, మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఇలాంటి పద్ధతి తయారుచేసుకుంది!

ఒక్క అభ్యంతరం మాత్రం ఒప్పుకోవాలి. ఆ మార్కులు మురుగునీటి కోసం పుట్టినవి. గని నీళ్ళకి గుడ్డిగా వాడితే తప్పుదారి పట్టిస్తాయి. స్టోన్‌ఫ్లైలు కొన్ని ఆమ్లాన్ని బాగానే తట్టుకుంటాయి మరి. అందుకే గని లేని పక్కవాగుతో పోల్చి ఏ కుటుంబాలు మాయమయ్యాయో చూడాలి. దానికి కావల్సింది ఓ వల, తెల్ల పళ్ళెం, భూతద్దం, కాస్త ఓపిక.

కెమిస్ట్రీ వద్దనట్లేదు, చంపిన లోహమేదో చెప్పాల్సింది అదే. నేనడిగేదల్లా ఒకటే: "శుద్ధి పూర్తి" అని సంతకం పెట్టేముందు, పురుగులు తిరిగొచ్చాయా అనే కాలమ్ నింపండి. అది ఖాళీగా ఉంటే టికెట్ క్లోజ్ చెయ్యకండి!